పీపీపీ (ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం) అయితే సర్కారుకు రిస్కే ఉండదా?

"సొరంగం రోడ్డైనా, రింగు రోడ్డైనా పీపీపీకి ఇచ్చేస్తే సర్కారుకు పైసా ఖర్చుండదు. నష్టమొస్తే మునిగేది కంపెనీయే, రిస్కంతా దానిదే." బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ ఫార్వర్డవుతున్న మాట ఇది. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

పైసా ఖర్చుండదా? 2008లో మొదలైన కెంపేగౌడ విమానాశ్రయాన్ని కట్టింది ఎక్కువ వాటా ప్రైవేటు కంపెనీలదైన కూటమే. కానీ సుమారు 4,000 ఎకరాలు లీజుకిచ్చి, 350 కోట్ల వడ్డీలేని అప్పు కూడా ఇచ్చింది కర్ణాటక ప్రభుత్వం. 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లదాకా పోటీ విమానాశ్రయం రానివ్వబోమని కేంద్రం హామీ ఇచ్చింది. ఈ హామీకి ఎవరూ చెక్కు రాయలేదు గనుక ఖర్చుగా కనపడదు. రెండో విమానాశ్రయం మాటెత్తినప్పుడల్లా 2033 అడ్డొచ్చేది అందుకే.

ట్రాఫిక్ తగ్గితే దెబ్బ కంపెనీకేనా? బెంగళూరు–మైసూరు రహదారి హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ) పద్ధతిలో కట్టినది. ఇందులో ఖర్చులో 40 శాతం ప్రభుత్వ సంస్థ నిర్మాణ సమయంలోనే కంపెనీకి చెల్లిస్తుంది, మిగతాది 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి వడ్డీతో ఇస్తుంది. టోలు జాతీయ రహదారుల సంస్థది, అది తగ్గితే నష్టమూ దానిదే.

"మునిగేది కంపెనీయే" అన్నచోట లెక్క వేసి చూడాలి. వెయ్యి కోట్ల బీఓటీ రోడ్డుకు (కంపెనీయే కట్టి, టోలు వసూలు చేసుకుని, గడువు తీరాక సర్కారుకు అప్పగించేది) 700 కోట్లు బ్యాంకు అప్పు, 300 కోట్లు ఈక్విటీ, అంటే కంపెనీ సొంత పెట్టుబడి, అనుకోండి. టోలు మొదలయ్యాక, 600 కోట్లు బాకీ ఉండగా, కంపెనీ తప్పు వల్లే ఒప్పందం రద్దయిందనుకోండి. జాతీయ రహదారుల నమూనా ఒప్పందం ప్రకారం అందులో 90 శాతం, అంటే 540 కోట్లు, బీమా సొమ్ము పోను ప్రభుత్వ సంస్థే కట్టాలి. తప్పు ప్రభుత్వానిదైతే బాకీ మొత్తం, దానిపైన సర్దుబాటు చేసిన ఈక్విటీకి ఒకటిన్నర రెట్లు. ఈ షరతు లేకపోతే బ్యాంకులు అప్పే ఇవ్వవు, కాబట్టి షరతును తప్పుపట్టడం లేదు. దాన్ని జనానికి చెప్పకుండా "పైసా ఖర్చు లేదు" అనడమే తప్పు.

ఇక రిస్కంతా కంపెనీ నెత్తిన వేయడం. అనుమతులు, భూమి దాని చేతిలో ఉండవు కదా! చెన్నై పోర్టు–మదురవాయల్ ఎలివేటెడ్ రోడ్డుకు 2009లో శంకుస్థాపన జరిగింది. కూవం నదిలో స్తంభాలు వేస్తున్నారంటూ 2012లో రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించింది. ఆ స్తంభాలు ఏళ్లపాటు మొండిగా నిలబడ్డాయి. డబుల్ డెక్కర్ డిజైనుతో, సుమారు 5,850 కోట్ల అంచనాతో 2022లో మళ్లీ శంకుస్థాపన చేశారు.

80 శాతం స్థలం చేతికొస్తే పని మొదలుపెట్టొచ్చంటుంది నమూనా ఒప్పందం. ప్రాణం తీసేది మిగతా 20 శాతమే. ర్యాంపు దిగాల్సిన చోటో, స్తంభం రావాల్సిన చోటో అది చిక్కుకుంటుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే టెండరుకు ముందే ప్రభుత్వం తన ఖర్చుతో స్తంభాల చోట్ల ట్రయల్ పిట్లు (పరీక్ష గుంతలు) తవ్వించాలి. నీటి బోర్డు పైపులు, బెస్కాం (విద్యుత్ సంస్థ) కేబుళ్లు ఎంత లోతులో ఉన్నాయో డ్రాయింగులో ఎక్కించాలి. ఆ పని చేయకపోతే తెలివైన కంపెనీ ఆ భయానికీ రేటు కట్టి బిడ్ వేస్తుంది. తక్కువకు వేసిన కంపెనీ పని సగంలో ఆపి ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి దగ్గర పరిహారం తగాదాకు) వెళ్తుంది.