తువాలో ‘సంప్రదాయ గ్రామం’ వెతికితే దొరికేది క్వార్టర్సే

రష్యాలోని తువా ప్రాంతానికి నడిపే టూర్ ప్యాకేజీల్లో ‘సంప్రదాయ గ్రామ సందర్శన’ అనే మాట తరచూ కనిపిస్తుంది. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. తువా కాపరులకు ఊరనేది తాతల నాటి అలవాటు కాదు. సైబీరియా దక్షిణపు అంచున, మంగోలియాను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం 1921 నుంచి 1944 దాకా ‘తన్ను తువా’ పేరుతో విడి దేశం. 1944 అక్టోబరులో సోవియట్ యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే మందలు సమష్టి క్షేత్రాల్లోకి వెళ్లాయి, కాపరులను చెక్క ఇళ్ల వరుసల్లోకి దించారు. బడి, ఆసుపత్రి, దుకాణం ఒక్కచోట ఉండే ఆ ఊళ్లు తిరిగి సంప్రదాయం చూశామనుకోవడం, ఫ్యాక్టరీ క్వార్టర్స్ చూసొచ్చి పల్లెటూరు చూశామన్నట్టే.

చూడాల్సింది ‘ఆల్’. రెండు మూడు, మహా అయితే అయిదారు గుడారాలు. అన్నదమ్ములో, దగ్గరి చుట్టాలో మందలు కలుపుకుని ఒకచోట దిగుతారు. ఏడాదిలో నాలుగు చోట్లు మారతారు: వసంతంలో చాజాగ్, వేసవిలో చైలాగ్, ఆకురాలే కాలంలో కూజెగ్, చలికాలంలో క్యిష్టాగ్. ఇవాళ ఇవన్నీ పాటించేవాళ్లు తగ్గారు. పిల్లల చదువు కోసం తల్లి ఊళ్లో, తండ్రి మంద దగ్గర ఉండే కుటుంబాలూ ఉన్నాయి. అయినా వేసవి మకాం మాత్రం బతికే ఉంది. కాబట్టి ఏజెంటును అడగాల్సింది ‘ఏ ఊరు’ అని కాదు. ‘ఎవరి ఆల్, ఏ నెలలో, అప్పటికి ఎక్కడ ఉంటుంది’ అని అడగాలి. జవాబు చెప్పలేకపోతే ఆయన చూపించేది రోడ్డు పక్కన పర్యాటకుల కోసం శాశ్వతంగా పాతిన గుడారాలనే అనుకోవాలి. అవీ శుభ్రంగానే ఉంటాయి, భోజనమూ బాగానే ఉంటుంది. కాకపోతే అక్కడ మంద ఉండదు.

జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా వెళ్లడం మేలు. అది పాల కాలం. ఇంట్లో పాలు, జున్ను సమృద్ధిగా ఉంటే అతిథి బరువు కాడు. ఏప్రిల్, మే నెలలు గొర్రెలు ఈనే కాలం. రాత్రంతా మేలుకుని పిల్లలను కాచుకునే ఇంటికి ఆ రోజుల్లో నలుగురు వెళ్లి కూర్చుంటే నవ్వుతూనే టీ పోస్తారు, పని మాత్రం చెడుతుంది. వేసవిలోనైనా పొద్దున, సాయంత్రం పాలు పితికే వేళలు తప్పించి మధ్యాహ్నం చేరుకోవాలి. జనవరిలో మైనస్ 30 డిగ్రీలు ఇక్కడ మామూలు మాట. చాంద్రమాన కొత్త సంవత్సరం షగా పండుగ చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లే చలికాలం ఎంచుకోవాలి.

విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త పెద్దది, జనాభాలో కర్నూలు నగరం కంటే చిన్నది ఈ తువా. 2021 లెక్కల ప్రకారం మొత్తం 3.36 లక్షల మందే. రైలు మార్గం లేదు. రాజధాని కిజిల్‌లో విమానాశ్రయం ఉంది. లేదంటే అబకాన్ దాకా వచ్చి, అక్కడి నుంచి సయాన్ కొండల మీదుగా 400 కిలోమీటర్లు రోడ్డున వెళ్లాలి. దారి అందంగా ఉంటుంది కాబట్టి ఒకవైపైనా రోడ్డునే వెళ్లండి.

రష్యా ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి భారతీయులకూ ఇస్తున్నారు. అది ఉంటే తువా అంతా తిరగొచ్చనుకోవడం పెద్ద పొరపాటు. ఎర్జిన్, మోంగున్ తైగా వంటి మంగోలియా సరిహద్దు జిల్లాల్లోని నియంత్రిత ప్రాంతానికి రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. విదేశీయుల దరఖాస్తుకు వారాలు పడుతుంది. అది లేకుండా పోతే చెక్‌పోస్టు దగ్గరే వెనక్కి పంపుతారు, జరిమానా అదనం. 2022 మార్చి నుంచి మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డు చెల్లింపు కార్డులు రష్యాలో పనిచేయవు కాబట్టి నగదు తప్పనిసరి. మే, జూన్‌లలో అడవిలో తిరిగేవాళ్లకు పిడుదు పురుగుల ద్వారా మెదడువాపు సోకే ప్రమాదం ఉంది. టీకా కనీసం రెండు డోసులు, వాటి మధ్య వారాల ఎడం. ప్రయాణానికి ముందు వారం గుర్తొస్తే లాభం లేదు.

ఇక ఆల్ దగ్గర. కుక్కలుంటాయి, అవి పెంపుడు ముచ్చటకు కాదు, తోడేళ్ల కోసం. బండి దూరంగా ఆపి, పిలిచి, ఇంటివాళ్లు బయటికొచ్చాకే దిగాలి. గడ్డి మీదుగా అడ్డదిడ్డంగా నడిపితే పడ్డ చక్రాల చాళ్లు ఏళ్లపాటు మానవు. అది వాళ్ల మేత.

గుడారాన్ని ‘ఓగ్’ అంటారు. చెక్క పట్టీల జాలి గోడ, పైన పొగ పోయే చక్రం, దాన్ని మోసే కమ్మీలు, చుట్టూ గొర్రె ఉన్నిని తడిపి, చుట్టి, ఒత్తి చేసిన ఫెల్టు. గడప తొక్కకూడదు, దాటాలి. గుమ్మంలో నిలబడి చూస్తే ఎడమవైపు మగవాళ్ల భాగం, జీను, కళ్లెం అక్కడే. కుడివైపు వంటసామాను, ఆడవాళ్ల భాగం. ఎదురుగా పొయ్యి వెనక ఉన్నది ‘దోర్’, పెద్దల చోటు. పిలిస్తేనే అటు వెళ్లాలి. పొయ్యి వైపు కాళ్లు చాపకూడదు, నిప్పులో చెత్త వేయకూడదు. మడి తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇవేవీ వింతగా అనిపించవు.

మొదట వచ్చేది ఉప్పు వేసిన పాల టీ. కుడిచేత్తోనో రెండు చేతులతోనో అందుకోవాలి. తాగలేకపోయినా పెదవికి తాకించాలి. తిరస్కరిస్తే చిన్నబుచ్చుకుంటారు.

చైలాగ్‌లో అసలు చూడదగ్గ పని అరగా, అంటే పాల సారా, కాచడం. పులిసిన పాలు, వాళ్ల మాటలో ఖోయిత్‌పాక్, ఇనుప బాణలిలో పోస్తారు. దాని మీద ‘శూరూన్’ అనే అడుగూ మూతా లేని చెక్క పీపా నిలబెడతారు. పీపా నెత్తిన చన్నీళ్ల గిన్నె. ఆవిరి పైకి లేచి, గిన్నె అడుగుకు తగిలి చల్లబడి, బొట్టు బొట్టుగా లోపలి దోనెలో పడి గొట్టం గుండా బయటి పాత్రలోకి వస్తుంది. అతుకుల దగ్గర తడిగుడ్డ చుడతారు. అది వదులైతే ఆవిరంతా అక్కడే పోతుంది. మంట పెంచితే పాలు పొంగి గొట్టంలోకి చేరి సరుకు పాడవుతుంది. పై గిన్నెలో నీళ్లు వేడెక్కితే ఆవిరి బొట్టు కట్టదు, అందుకే మారుస్తూ ఉంటారు. వచ్చే సారా తేలికే. బాణలిలో మిగిలిన ముద్దను వడగట్టి ఎండబెడితే చలికాలానికి పుల్లటి గట్టి పెరుగు పలుకులు సిద్ధం. ఈ పనంతా దాదాపు ఇల్లాలిదే.

డబ్బు సంగతి అందుకే ఎత్తుతున్నాం. చాలా పర్యటనల్లో చెల్లింపు గైడు చేతికి పోతుంది, ఇంటికి ఎంత చేరిందో ఎవరూ అడగరు. భోజనానికి, రాత్రి బసకు ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకుని ఇల్లాలి చేతికే ఇవ్వడం న్యాయం. కానుకగా టీ, పిండి, చక్కెర, టార్చి బ్యాటరీలు పనికొస్తాయి. వోడ్కా మాత్రం వద్దు. మద్యం ఇక్కడ ఇళ్లు కూల్చిన సమస్య.

గొర్రెను కోసే తీరు చూడలేనివాళ్లు ముందే చెప్పి పక్కకు వెళ్లొచ్చు. రొమ్ము దగ్గర చిన్న గాటు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి గుండె దగ్గరి రక్తనాళాన్ని తెంపేస్తారు. నెత్తురు చుక్క నేల మీద పడకూడదన్నది నియమం. ఆ నెత్తురును పేగుల్లో నింపి ఉడికిస్తారు. శాకాహారులకు వేయించిన యవల పిండి ‘దల్గాన్’, వేయించిన కొర్రల వంటి చిరుధాన్యం ‘తారా’, జున్ను, టీ ఉంటాయి. రెండు రోజులు లాగొచ్చు, నాలుగో రోజుకు మన పచ్చడి సీసాయే దిక్కు.

కనుమల మీద రాళ్ల గుట్టలు, వాటికి కట్టిన రంగు గుడ్డపీలికలు కనిపిస్తాయి. ఓవా అంటారు. సవ్యదిశలో చుట్టాలి, రాయి పెట్టొచ్చు, తీయకూడదు. పాట కోసం పట్టుబట్టడం మరో తప్పు. ఒకే గొంతులో రెండు స్వరాలు పలికించే ఖూమేయ్ వినాలంటే కిజిల్‌లో కచేరీకి వెళ్లడమే మేలు. కాపరి పాడితే తన కోసం, తన కొండ కోసం పాడతాడు.

చైనాలో షిన్‌జియాంగ్ ఉత్తర కొసన హేము, కనాస్, బైహబా అనే మూడు తువా పల్లెలున్నాయి. అక్కడ మాత్రం ఊరు అసలైనదే. దుంగల ఇళ్లు, దుంగకీ దుంగకీ మధ్య సందుల్లో కూరిన నాచు, మంచు నిలవకుండా ఏటవాలు కప్పు. చైనా అధికారిక జాతుల జాబితాలో వీళ్లు మంగోలుల కింద లెక్క. అక్టోబరు మొదటి వారం సెలవుల్లో వెళితే దుంగ ఇళ్లకంటే సెల్ఫీ కర్రలే ఎక్కువ కనిపిస్తాయి. పర్యాటకం ఎక్కువైతే ఇల్లు లాడ్జి అవుతుంది, ఇంటివాడు అద్దె తీసుకునేవాడవుతాడు. కిజిల్ చుట్టుపక్కల ఇంకా ఆ దశ రాకపోవడానికి కారణం సంప్రదాయ నిష్ఠ కాదు, దూరం.

భారతీయులమని చెబితే పెద్దవాళ్ల ముఖం విచ్చుకుంటుంది. బౌద్ధం పాటించే ఈ ప్రాంతానికి 1992లో దలైలామా వచ్చారు. తువా యువకులు కొందరు కర్ణాటకలోని ముండగోడు టిబెటన్ బౌద్ధ మఠంలో చదువుకుంటున్నారు. బయల్దేరేటప్పుడు ఇల్లాలు తొమ్మిది గుంతలున్న చెక్క గరిటె, ‘తోస్ కరాక్’తో పాలు చల్లుతుంది. చల్లడం అయ్యేదాకా బండి కదపకండి.