కిల్ మైనస్ నైన్ గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ కిల్ మైనస్ నైన్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీరు వచ్చి వెళ్లిన చోట కుశలంగా మిగిలినవాళ్లెవరూ కనబడక ఆగిపోయాను.

అసలు మీ ఇంటిపేరే పెద్ద మోసం సార్. లినక్స్ కంప్యూటర్లో కిల్ అనే కమాండ్ పేరు వినగానే జనం హడలిపోతారు గానీ, అది చేసేది పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం. ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్) నంబరు చూసుకుని, సిగ్నల్ అనే ఉత్తరం ముక్క ఇచ్చి రావడమే. ఒక్కో ఉత్తరానికీ ఓ నంబరు, మీది 9. 0 ఇచ్చి పంపితే ఉత్తరమేదీ ఇవ్వకుండా, ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో చూసి వస్తుంది. 1 అందితే చాలా సర్వర్లు చావడం మాట అటుంచి, కాన్ఫిగరేషన్ మళ్లీ చదువుకుని పనిలో పడతాయి. ఏ నంబరూ చెప్పకపోతే వెళ్లేది మీ అన్నగారు 15. ‘బాబూ, ఇక సర్దుకో’ అంటారాయన. ప్రాసెస్ ఫైళ్లు మూసుకుని, లాక్ తీసి, పరిచినవన్నీ మడతపెట్టి వెళ్తుంది. ఒక్కోసారి వినదు కూడా, పెద్దవాళ్ల మాట కదా.

మీకా మొహమాటాలు లేవు. మీ ఉత్తరం ప్రాసెస్ చేతికే అందదు, మధ్యలో సిస్టమ్ గుండెకాయ కెర్నలే చూసి పీక నొక్కేస్తుంది. అందుకే మీరంటే మాకంత ముద్దు. లినక్స్‌లో సర్వీసుల్ని నడిపించి ఆపే సిస్టమ్‌డీ ఓ సర్వీసుని ఆపాలంటే మామూలుగా 90 సెకన్లు చూసి గానీ మిమ్మల్ని పిలవదు. ప్రోగ్రాముల్ని కంటైనర్లనే డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ అయితే 10. మా ఓపిక ఎంటర్ మీద వేలు లేచేలోపే అయిపోతుంది.

మొన్న రాత్రి సంగతి మీకు గుర్తుండదు, నాకు ఉంది. రిపోర్ట్ డాట్ పీవై అనే స్క్రిప్ట్ బిగుసుకుపోయింది. నంబరు వెతికే బద్ధకంతో, పేరు చెబితే చాలనే ‘పీకిల్ మైనస్ 9 మైనస్ ఎఫ్ రిపోర్ట్’ అని కొట్టాను. ఆ ఎఫ్ ప్రోగ్రామ్ పేరుతో సరిపెట్టుకోదు, కమాండ్ లైన్ మొత్తం వెతుకుతుంది. పక్క టెర్మినల్‌లో అదే ఫైల్‌ని నానో అనే ఎడిటర్‌లో తెరిచి, సేవ్ చేయకుండా 40 నిమిషాలుగా బాగుచేస్తున్నాను. మీకు రెండూ రిపోర్టే కదా, ఒకే వేటు! అన్నగారు వచ్చుంటే నానో రాసిందంతా డాట్ సేవ్ ఫైల్‌లో దాచి మరీ పోయేది. అటు స్క్రిప్ట్, ఇంకో కాపీ నడవకుండా అడ్డం పెట్టుకున్న తన లాక్ ఫైల్ వదిలేసి పోయింది. మళ్లీ మొదలుపెడితే ‘నేను ఆల్రెడీ నడుస్తున్నానుగా’ అని మొండికేసింది. చచ్చి కూడా.

అయినా మీ ప్రతాపానికీ హద్దులున్నాయని తెలిసి లోలోపల సంతోషించాను. డిస్క్ జవాబు కోసం కళ్లు మూసుకుని కూర్చున్న డీ స్టేట్ ప్రాసెస్ గుమ్మం ముందు మీరూ పడిగాపులే. ఇక జాంబీలు! అవి ఎప్పుడో పోయాయి. కన్న ప్రాసెస్ వచ్చి ఎగ్జిట్ కోడ్ (ఎలా పోయిందో చెప్పే అంకె) తీసుకుపోక, జాబితాలో పేరు మిగిలిందంతే. చచ్చిన పామును ఎన్నిసార్లని కొడతారు?

నా విన్నపం ఒక్కటే. ఇకమీద నేను పిలిచినా ముందు అన్నగారిని పంపి, ఓ 10 సెకన్లు ఆగి రండి. మీరు ఆగరని తెలుసు. అందుకే ఆ పని చేసే చిన్న స్క్రిప్ట్ నేనే రాసుకుంటున్నాను. నానోలోనే. ఇంకా సేవ్ చేయలేదు, కాస్త ఇటువైపు రాకండి.

ఇట్లు,
సర్వాధికారాలిచ్చే రూట్ పాస్‌వర్డ్ తెలిసిన ఓ అభాగ్యుడు