కోలకు కోల, కొత్తకు సెలవు

నల్లగొండలో మా కాలనీ కోలాట బృందంలో కొత్తవాళ్లు చేరడం లేదని కొందరు ఊరికే ఆడిపోసుకుంటున్నారు. పచ్చి అబద్ధం. ఏటా వస్తూనే ఉన్నారు. మూడో రోజుకల్లా వాళ్లంతట వాళ్లే పోతున్నారు. ఆ మూడు రోజులూ మేం పడే శ్రమ లోకానికి తెలియాలనే ఈ నాలుగు ముక్కలు.

కోలాటం జంటల ఆట. మన కోల ఎదుటి మనిషి కోలకు తగలాలి, అందుకు సరిసంఖ్య కావాలి. కొత్తమ్మాయి ఒక్కతే వస్తే ఏం చేస్తాం? గోడ పక్కన నిలబెడతాం. "చూస్తుండు చెల్లె, చూస్తే అదే వస్తది" అని ధైర్యం చెబుతాం. ఇద్దరొస్తే ఇంకా సులువు, వాళ్లిద్దరినే జంట కట్టేస్తాం. ఏమీ రానివాళ్లకు ఏమీ రానివాళ్లు నేర్పుతుంటే చూడ్డానికి రెండు కళ్లు చాలవు. పాతవాళ్లకు జతగా వేస్తే తొందరగా పట్టుకుంటారని ఒక పెద్దమ్మ అన్నది. ఆమెను కూడా గోడ పక్కకే పంపాం.

కోలాటంలో అడుగుల వరసను కోపు అంటారు. మొదటి రోజే అన్నింటికన్నా కష్టమైన కోపు ఎత్తుకుంటాం, అదీ వేగంగా. వేలి మీద కోల పడితే "గింత మెత్తటి చేతులైతే ఎట్ల చెల్లె?" అని నవ్వుతాం. మా దగ్గర కోపు తప్పితే కోపం తప్పదు. ఇక ముందు వరసంటారా, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా నీడ ఒక్కచోటే ఉంటుంది చూడండి, మా నలుగురు వదినలూ అంతే.

బతుకమ్మ కాడ ఈ కట్టుదిట్టం ఏదీ? ఎంగిలిపూల నాడు ముక్కూమొహం తెలియని మనిషి వచ్చినా జరిగి చోటిస్తారు. చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగేసరికి ఆమె పాట కూడా అందుకుంటుంది. సద్దుల నాటికి తంగేడు పూలు తనే తెస్తుంది! ఇట్లయితే పాతవాళ్లకు విలువేముంటుంది?

ఈ దసరాకు జడకోలాటం అనుకున్నాం, అంటే పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఆడుతూ వాటిని జడలా అల్లడం. 16 తాళ్లు కొన్నాక లెక్కబెడితే మేం 9 మందిమి తేలాం. తాడుకో మనిషి లేకపోతే జడ పడదు. గోడ వైపు చూశాం, ఎవరూ లేరు. పక్క వీధిలో నుంచి కోలల చప్పుడు వినిపిస్తోంది. వెంటనే కూర్చుని తీర్మానం చేశాం: మిగిలిన 7 తాళ్లు ప్లాస్టిక్ కుర్చీలకు కట్టాలి. కుర్చీలైతే కోపు తప్పవు, మూడో రోజు మానేయవు.