కారు మీద తీర్మానం

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దని అందరూ చెప్పారు. కొన్నాను. జర్మన్ కారు. ఇనప స్ప్రింగుల బదులు చక్రాల దగ్గర రబ్బరు గాలి తిత్తులు, వాటికి గాలి కొట్టడానికి డిక్కీలో స్టెప్నీ గుంట పక్కన ఒక చిన్న కంప్రెసర్. విశాఖ బీచ్ రోడ్డు మీద వెళ్తుంటే ప్రాణానికి ఎంత హాయో! కారు సుఖాలు అక్కడితో సరి.

తిత్తుల్లో ఒకటి ఎక్కడో సన్నగా లీకవుతోంది. పొద్దున్నే సెల్లార్‌లోకి దిగేసరికి కారు పడుకున్న గేదెలా ఉండేది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ బుర్రుమని గాలి కొట్టి లేపేది. ఆ మోటారు లాగే ఆంపియర్లన్నీ మోసేది ఒక బుల్లి రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు. లీకు పుణ్యమా అని మోటారు మాటిమాటికీ ఆడడంతో రిలే లోపలి కాంటాక్టులు కాలికాలి, ఒక రాత్రి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇక ఆఫ్ అన్న మాటే లేదు. కారుకు తాళం వేసినా మోటారు ఆడుతూనే ఉంటుంది. బాగా వేడెక్కితే దాని థర్మల్ కటాఫ్ ఆపుతుంది. చల్లారాక మళ్లీ మొదలు.

అర్ధరాత్రి ఎంవీపీ కాలనీ అంతా నిద్రపోతుంటే మా సెల్లార్‌లో బుర్ర్ర్. కాసేపు ఆగి మళ్లీ బుర్ర్ర్.

ఇక్కడ మా అసోసియేషన్ సెక్రటరీ గారి గురించి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకట్లో ఉన్నప్పుడు అపార్ట్‌మెంట్ జనరేటర్ తాళం చెవి ఆయన దగ్గర ఉంది. అప్పటి నుంచి కరెంటుకు సంబంధించిన సమస్త వ్యవహారాలకూ ఆయనే అధిపతి. ఆ రాత్రి లుంగీ బిగించి కిందికి దిగారు. బోరు మోటారు ఆపారు. శబ్దం ఆగలేదు. లిఫ్ట్ ఆపారు, ఆగలేదు. తెల్లవారుజామున మెట్ల లైట్ల ఫ్యూజు పీకేసరికి, సరిగ్గా అప్పుడే నా కారు బ్యాటరీ అయిపోయి శబ్దం ఆగింది. ఆపింది తానేనని ఆయన నేటికీ నమ్ముతున్నారు.

పొట్ట నేలకు ఆనిన కారు ర్యాంపు ఎక్కదు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను.

"వెహికల్ తీసుకురండి సార్, స్కానర్ పెట్టాలి."

"అది కదిలితే మీకు ఫోన్ ఎందుకు చేస్తానండీ?"

"అయితే టోయింగ్ పంపిస్తాం సార్."

టోయింగ్ బండి మా సెల్లార్ ఎత్తుకు పట్టదు. ఆ ముక్క చెప్పి పెట్టేశాను. కాసేపటికి వాట్సాప్‌లో ఎస్టిమేట్ దిగింది. కంప్రెసర్, వాల్వ్ బ్లాక్, నాలుగు స్ట్రట్లు, ‘సెట్‌గా మార్చడం మంచిది’. నేను కారు కొన్న ధరలో సగం పైమాటే. కారు ముఖమైనా చూడకుండా! అంత దివ్యదృష్టి ఉన్నవాళ్లకు స్కానర్ దేనికో.

చివరికి కంచరపాలెంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ నంబరు దొరికింది. ఫోన్‌లోనే విన్నాడు. "ముందు ఆ రిలే పీకీయండి సార్. మీటరుంటే 30 నంబరు పిన్నుకీ 87 నంబరు పిన్నుకీ మద్దెన పెట్టి సూడండి. ఊరికే ఉన్నప్పుడు బీప్ కొట్టకూడదు. కొట్టిందంటే అతుక్కుపోనాదన్నమాటే."

పీకాను. రిలే అడుగున ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి, ఒక పిన్ను నీలంగా కమిలి ఉంది. కాలిన వాసన. మీటరు తీగలు ఆనించగానే బీ... అని మొదలుపెట్టి, నేను తీసేదాకా ఆపలేదు. "ఎర్తు బోల్టు కూడా ఇప్పి గీకీయండి. ఇశాపట్నంలో ఎర్తు సూడకుండా ఏటీ మార్చకూడదు సార్, అంతా ఉప్పుగాలి కదేటి" అన్నాడు. విప్పి చూస్తే బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా ఉంది. ఎస్టిమేట్‌లో ఎర్త్ బోల్టు ఊసే లేదు. కొత్త రిలే కొన్ని వందల రూపాయల్లో వచ్చింది. వాచ్‌మన్ గది ప్లగ్గు నుంచి వైరు లాగి, బ్యాటరీని రాత్రంతా చార్జింగ్‌లో పెట్టాను.

ఆ మర్నాడు ఆదివారం. సెల్లార్‌లో సర్వసభ్య సమావేశం. ప్లాస్టిక్ కుర్చీలైతే తెచ్చారు గానీ టేబుల్ లేదు. నా కారు డిక్కీ, కారు కుంగి ఉందిగా, రాసుకోవడానికి సరిగ్గా సరిపోయే ఎత్తులో ఉంది. సెక్రటరీ గారు దాని మీద మినిట్స్ రిజిస్టరు పరిచి, టీ కప్పు పెట్టి, మోచెయ్యి ఆనించి, మొదటి అంశం చదివారు: కామన్ మీటరు నుంచి ఒక సభ్యుడు కరెంటు వాడుకొనుట.

"అది 10 ఆంపియర్ల చార్జరండీ" అన్నాను. "14 వోల్టులు వేసుకున్నా 140 వాట్లు. 8 గంటలకు ఒక యూనిట్, ఇంకాస్త."

"మొన్న రాత్రంతా మీ మోటారు ఆడింది. అందరం విన్నాం."

"అది కారు బ్యాటరీ మీద ఆడిందండీ."

"బ్యాటరీకి కరెంటు ఎక్కడిది?"

"కారు నడిస్తే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుందండీ."

"కారు నడవడం లేదుగా?"

సభలో తలలు ఊగాయి. ఈ లెక్క విని ఒళ్లు మండిన మా ఆవిడ లేచి వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు ధడాలున వేసుకుంది. స్టార్ట్ చేసింది. అలిగి పుట్టింటికి పోతోందనుకున్నారేమో, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పెన్ను కిందపెట్టి గొంతు సవరించుకున్నారు. "ఈ కారు ఇక లేవదు. దీన్ని ఇక్కడి నుంచి తీయించే విషయమై..."

డిక్కీలోంచి బుర్ర్ర్ అని వినపడింది. వెనకభాగం లేవడం మొదలైంది.

వేగం లేదు, కుదుపు లేదు. ఆయన మోచెయ్యి మెల్లగా పైకి వస్తోంది, దాంతోపాటే భుజం చెవి దాకా వచ్చింది. అయినా ఆయన చదువుతూనే ఉన్నారు. పెన్ను వెనక అద్దం వైపు దొర్లింది. దాన్ని అందుకోవడానికి డిక్కీ మీదికి వాలితే కాలి మడమలు నేల విడిచాయి. టీ కప్పు పెన్ను వెంట వెళ్లింది. ఇంతలో వెనక చాలనుకుని కారు ముందుభాగం లేపడం మొదలుపెట్టింది. పెన్ను మనసు మార్చుకుని వెనక్కి దొర్లుకుంటూ తిన్నగా ఆయన చేతిలోకే వచ్చింది. టీ కూడా వచ్చింది, రిజిస్టరు మీదుగా. పై అంతస్తు పెద్దాయన "భూకంపం" అన్నారు. ఎవరూ కదల్లేదు, ఆయన ప్రతి సమావేశంలోనూ ఏదో ఒకటి అంటారు.

కంప్రెసర్ పని ముగిశాక అందులో మిగిలిన గాలిని బయటికి వదిలేస్తుంది. వదిలింది. సెక్రటరీ గారి పాదాల దగ్గర, గట్టిగా, "బుస్స్!"

"పాము!"

కుర్చీల కింద ఒక్క కాలు లేదు. అందరూ కుర్చీల మీదే. వాచ్‌మన్ కర్ర తెచ్చి నా కారు కింద పొడవబోతుంటే, "తిత్తులు చిరుగుతాయి, తిత్తులు!" అని నేనే అడ్డం పడ్డాను. మా ఆవిడ అద్దం దించి "ఎక్కుతారా, ఇక్కడే ఉంటారా?" అంది. ఎక్కాను.

లీకు అలాగే ఉంది. మళ్లీ పొద్దునకల్లా కుంగింది, కాకపోతే ఇప్పుడు లేస్తోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో నా పేరు మీద ‘కరెంటు వాడకం: 500’ అని బిల్లు పెట్టారు. యూనిట్ల లెక్క మళ్లీ రాసి పంపాను. జవాబు లేదు. ఆ చిరాకులో ఉండగానే సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్.

"సార్, మా సేవలకు పదికి ఎన్ని మార్కులు ఇస్తారు?"

"మీరు కారు చూడనే లేదు కదమ్మా."

"పర్వాలేదు సార్, పది వేసుకోమంటారా?"