సవరణ: ఫిన్నిష్ ‘రిస్తి’ స్వీడిష్ మాట కాదు

ఫిన్నిష్ భాషలోని క్రైస్తవ పదాలన్నీ స్వీడిష్ నుంచే వచ్చాయని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉంది కాబట్టి మాటలూ అక్కడివే అయివుంటాయనుకున్నాను. సరిచూడకుండా రాసినందుకు మన్నించండి.

చర్చిని చెప్పే ‘కిర్క్కో’ వరకు పాత స్వీడిష్ నుంచి వచ్చిందే. కానీ శిలువకు ‘రిస్తి’, ఫాదిరికి ‘పప్పి’, అన్యమతస్థుడికి ‘పకన’, బైబిలుకు ‘రామత్తు’ అనే మాటలు తూర్పు వైపు నుంచి, ప్రాచీన తూర్పు స్లావిక్ (రష్యన్, ఉక్రేనియన్ వంటి భాషలకు మూలమైన పాత భాష) నుంచి వచ్చాయి. స్వీడిష్‌లో శిలువను ‘కొర్ష్’ అంటారు. అందులోంచి ‘రిస్తి’ పుట్టదు.

వీటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ‘రామత్తు’. స్లావిక్ ‘గ్రమొత’ అంటే రాత, పత్రం. దాని మూలం గ్రీకు ‘గ్రమ్మత’, అంటే అక్షరాలు. పాతకాలపు ఫిన్నిష్‌లో మాట మొదట జంట హల్లు పలకదు, అందుకే ‘గ’ రాలిపోయింది. ‘రిస్తి’కి మూలమైన స్లావిక్ మాట మొదట ఉన్న ‘క’ పోయిందీ అలాగే. ఫిన్నిష్‌లో పవిత్ర గ్రంథానికి పేరైన ఈ మాటే పక్కనున్న ఎస్టోనియన్‌లో ‘రామత్’. అక్కడ దానర్థం మామూలు పుస్తకం.

స్వీడన్ పాలన వేళ్లూనక ముందే ఫిన్నులకు తూర్పు (ఆర్థడాక్స్) క్రైస్తవంతో పరిచయం ఉందనడానికి ఈ మాటలే ఆనవాళ్లు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.