నాటకాన్ని తెర వెనక నుంచి గీయాలి

పద్యనాటకం మీద మనకు అలవాటైన కార్టూన్లు చూడండి. చచ్చిపడిన పాత్ర ‘వన్స్‌మోర్’ వినపడగానే లేచి పద్యం అందుకుంటుంది. ధర్మరాజు చేతికి గడియారం ఉంటుంది. నవ్వొస్తుంది, కాదనను. కానీ అవి ముందు వరసలో కూర్చున్నవాడి బొమ్మలు. నటుడి బతుకు వాటికి అందదు.

ఇంగ్లండ్‌లో విలియం హోగార్త్ 1738లో అచ్చు వేసిన వ్యంగ్యచిత్రం ఒకటుంది. ఊరూరా తిరిగే నటీమణులు ఓ ధాన్యపు కొట్టులో వేషాలు కట్టుకుంటున్నారు. డేగ వేషంలో ఉన్నావిడ పసిబిడ్డకు తిండి పెడుతుంటే, ఆ ముక్కు చూసి బిడ్డ ఏడుస్తోంది. పిల్లికూనలు రాజచిహ్నమైన గోళంతో ఆడుకుంటున్నాయి. దేవతల వేషాల మధ్యే ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. అంతకు ముందు ఏడే, 1737లో, నాటకాల లైసెన్సు చట్టం వచ్చి ఇలాంటి బృందాల పొట్ట కొట్టింది. ఆ చట్టం కాగితమూ బొమ్మలోనే ఉంది. వెటకారం, మొరటుతనం రెండూ ఉన్నా, ఆ ఆడవాళ్లు పడిన పాట్లకు అది సాక్ష్యం.

గోదావరి డెల్టాలో ఇలాంటి సరుకుకు కొదవ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, పొలాలకు నీళ్లొచ్చాయి. కోతలయ్యాక డబ్బాడిన ఊళ్లు తీర్థాలకూ సంక్రాంతికీ నాటకం పెట్టించాయి. కాంట్రాక్టరే నటుల్ని కుదిర్చే కాంట్రాక్టు నాటకాల రోజుల్లో తలో ఊరి నటులు నేరుగా స్టేజీ దగ్గరే కలుసుకునేవారు. రిహార్సల్ ఉండేది కాదు. ఒకే నాటకంలో సీనుకో కృష్ణుడు. మొహానికి అర్దళం (వేషానికి పూసే రంగుపొడి) పూసుకుని, అద్దె కిరీటం వదులైతే లోపల గుడ్డపేలిక కుక్కుకుని, పెట్రోమాక్స్ వెలుగులో ఒక్క అద్దం కోసం పోట్లాడుకునే ఇద్దరు కృష్ణుల బొమ్మ మనకు కావాలి. సత్యభామ వేషం కోసం మీసం తీయించుకుని, మర్నాడు ఆ మొహంతోనే పొలం వెళ్లాల్సిన రైతు బొమ్మ కావాలి. కుటుంబాలకు కుటుంబాలే డేరాల్లో బతికిన సురభి నాటక సమాజం వాళ్లయితే హోగార్త్ బొమ్మకు అచ్చంగా సరిపోతారు.

ఎగతాళి వద్దనడం లేదు, ఎవరి మీద అన్నదే నా పట్టింపు. శ్రుతి తప్పిన నటుణ్ని వదిలేయండి. అడ్వాన్సు చేతిలో పెట్టి, తెల్లారేసరికి జారుకునే కాంట్రాక్టరును గీయండి. ఆయన్ని చూసి నవ్వితే న్యాయం.

ఫొటోలున్నాయి కదా అంటారు. స్టూడియో ఫొటోలో కిరీటం ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది, ఆకలి కనపడదు. మనిషి నిలబడే తీరును నాలుగు గీతల్లో పట్టిన బాపు 1933లో పుట్టింది ఈ డెల్టాలోని నరసాపురంలోనే. ఇప్పటి కార్టూనిస్టులు పాత హార్మోనిస్టుల దగ్గర, మేకప్ వేసిన పెద్దల దగ్గర, డ్రెస్సులు అద్దెకిచ్చిన వాళ్ల దగ్గర కూర్చోవాలి, వాళ్లున్నప్పుడే. నాటక పరిషత్తులు పోటీల పందిట్లో ఆ బొమ్మలకో గోడ ఇవ్వాలి. ముందుగా నటులే చూస్తారు, నగ ఒకటి తేడాగా ఉన్నా అక్కడికక్కడే దిద్దిస్తారు.