శాడ్ అంటే "విచారం" అని రాసి చెరిపేస్తే సరిపోదు

బెజవాడలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా స్పోకెన్ ఇంగ్లిష్ నోట్సు తెరవండి. "శాడ్ అంటే విచారం." అంతే. ఆ ఒక్క ముక్క బట్టీ పట్టిన పిల్లలు నోరు తెరిచినప్పుడు తప్పులో కాలేస్తున్నారు.

పాత ఇంగ్లిష్‌లో ఈ మాటకు ఏడుపుతో సంబంధమే లేదు. కడుపు నిండింది, ఇక చాలు అని అర్థం. దీని జర్మన్ తోబుట్టువు "జాట్"ను కడుపు నిండినవాళ్లు ఇవాళ్టికీ వాడుతున్నారు. లాటిన్ "సాటిస్" అంటే చాలు. సాటిస్‌ఫై, సాచురేట్ ఆ వంశానివే.

నిండిన కడుపు దుఃఖమెలా అయింది? ఇది తెలుగువాళ్లకు చెప్పడం చాలా తేలిక. నెయ్యేసుకుని రెండు బొబ్బట్లు తింటే హాయి, ఐదోదానికి మొహం మొత్తుతుంది. నిండటం వెగటైంది, వెగటు అలసటైంది, అలసట బరువైంది. 14వ శతాబ్దం వచ్చేసరికి ఆ బరువు మనసు మీదికెక్కింది. గుండె బరువెక్కిందని మనమూ అంటాం కదా!

ఆ బరువు ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. పొయ్యి మీద వేడిచేసి వాడే గట్టి ఇనప ఇస్త్రీపెట్టె పేరు శాడ్ ఐరన్. లోపల బోలు లేకుండా బరువుగా ఉంటుందనే ఆ పేరు. 1871లో మేరీ పాట్స్ అనే అమెరికన్ మహిళ దానికి ఊడదీసే పిడి అమర్చి పేటెంట్ తీసుకుంది. ఇంగ్లండ్ పల్లెల్లో పొంగని రొట్టె కూడా శాడే. ఇనుముతో రంగును ముదురు చేయడాన్ని అద్దకంవాళ్లు శాడెనింగ్ అంటారు. పెడన కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డను ఇనుము, బెల్లం ఊరిన నీళ్లు నల్లబరచడం దానికి దగ్గరి చుట్టమే.

ఇక తప్పులెక్కడంటే, "హీ ఈజ్ శాడ్" అంటే అతను బాధలో ఉన్నాడని. "హీ ఈజ్ ఎ శాడ్ మ్యాన్" అంటే ఒక్కోసారి "పనికిమాలినవాడు" అన్నట్టు వినిపిస్తుంది. చిన్న "ఎ" మనిషి పరువు తీస్తుంది. "నీ మీద బాధగా ఉంది" అనుకుని "శాడ్ విత్ యూ" అంటారు. అక్కడ "అప్‌సెట్ విత్ యూ" అనాలి. శాడ్ తర్వాత మనిషి గురించైతే ఫర్, సంగతి గురించైతే ఎబౌట్. చావు కబురు విన్నప్పుడు "ఐయామ్ శాడ్" అంటే మన బాధ మనం చెప్పుకున్నట్టే ఉంటుంది. "సారీ ఫర్ యువర్ లాస్" అనండి. ఆ సారీ నొప్పి అనే అర్థమున్న "సోర్" నుంచి వచ్చింది. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా "సారో" వేరే వేరునుంచి మొలిచింది.

మాస్టార్లూ, ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. బోర్డు మీద నిండిన విస్తరితో మొదలుపెట్టి బరువెక్కిన గుండెదాకా గీత గీయండి.